కడియం మోగని రోజు

ఊళ్లో తాగుడు మాన్పించే ఆసుపత్రి వచ్చాక మొగుళ్ల భుజాల్లో బిళ్లలు పెట్టి, పెళ్లాల చేతులకు కడియాలు తొడిగారు. మొగుడికి మందు మీదకు మనసు పోతే చాలు, పెళ్లాం కడియం జివ్వుమంటుంది. ఆ గండం గడిచేదాకా ఆమె అతనితో ఫోన్‌లో మాట్లాడుతూ ఉండాలి. పొద్దు వాలిందంటే జీడిపప్పు బట్టీలో ఆడవాళ్లంతా పప్పు వలుస్తూనే మొగుళ్లను బుజ్జగించేవారు.

ఆ బట్టీలోనే పనిచేసే తవిటమ్మకు, రాత్రిళ్లూ మోగే కడియంతో రెండేళ్లుగా కంటినిండా నిద్ర లేదు. ఆ రోజు పొద్దు వాలినా ఆమె కడియం ఒక్కసారీ మోగలేదు. బిళ్ల పీకేసుకుని తాగేశాడేమోనని పరుగున ఇంటికి వచ్చింది. మొగుడు సింహాచలం అరుగు మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. దగ్గరికెళ్లి చూస్తే నోట మందు కంపు లేదు. చేతికి మాత్రం కొత్త కడియం ఉంది.

"ఇదేటి?"

"ఆసుపత్రికెళ్లి నాకే మోగేలా మార్పించీసినాను. పొద్దున్నించీ మోగుతానే ఉంది. ఇన్నాళ్లూ ఎలా మోసినావే?"

"మరి నీతో మాట్లాడేదెవులు?"

"నానే మాట్లాడుకుంటన్నాను."

తవిటమ్మ అరుగెక్కింది. అతని పక్కనే ఒరిగి, అలాగే నిద్రపోయింది. కాసేపటికి అతని చెయ్యి మళ్లీ జివ్వుమంది. ఆమెకు మెలకువ రాకుండా సింహాచలం ఆ కడియాన్ని రెండో చేత్తో గట్టిగా నొక్కిపట్టి కూర్చున్నాడు.