చప్పుడు చేయని జనరేటర్

"ఆ చిన్నది నాకు కావాలి," అన్నాడు యారెమా.

"అది అమ్ముడైపోయింది. బయట ఆ పెద్దాయన కొన్నాడు. నువ్వీ పెద్దది తీసుకో. చక్రాలున్నాయి, పెళ్లికూతుర్లా నడిపించుకు పోవచ్చు," అంది దుకాణం నడిపే క్లావ్దియా.

యుద్ధం నడుస్తున్న ఖెర్సన్ ఊళ్లో బజారంతా వెతికితే మిగిలినవి ఆ రెండు జనరేటర్లే.

యారెమా ఓడలకు వెల్డింగ్ చేసేవాడు. అతని భార్య సొలోమియా ఊపిరితిత్తులు పాడై, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద బతుకుతోంది. సబ్‌స్టేషన్ మీద బాంబు పడి కరెంటు పోయినప్పటి నుంచి ఆమెకు సిలిండరే దిక్కు. అదీ అడుగంటింది.

"ఊపిరి యంత్రానికి ఈ పెద్దది పనికొస్తుందా?"

క్లావ్దియా తల అడ్డంగా ఊపింది.

"బావి మోటారుకైతే ఓకే. దీని కరెంటు ఎగుడుదిగుడుగా వస్తుంది, అలాంటి నాజూకు యంత్రం మాడి ఊరుకుంటుంది. పైగా ఈ మోతలో నెత్తిమీదికి డ్రోన్ వచ్చినా వినబడదు. చిన్నదైతే కరెంటు నున్నగా వస్తుంది, చప్పుడూ తక్కువే."

యారెమా బయటికి వచ్చాడు.

రేకుల చూరు కింద ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక బక్క ముసలాయన, చేతిపెట్టెంత జనరేటర్‌ను తోపుడుబండికి తాడుతో కడుతున్నాడు.

"తాతా, అది నాకిచ్చెయ్. లోపలున్న పెద్దది నీకు కొనిస్తాను."

"కుదరదు నాయనా. ఇది ఒక రోగి కోసం."

"ఇప్పుడీ ఊళ్లో ఎవణ్ణి అడిగినా ఇంట్లో ఒక రోగి పుట్టుకొస్తున్నాడు. రేపు రెండింతలకి అమ్ముకుంటావు, నాకు తెలీదా?"

ముసలాయనకు కోపం రాలేదు.

"నీకు దేనికో చెప్పు. ఏదో ఒక దారి చూద్దాం."

"నీకు చెప్పేదేంటి?"

యారెమా తాడు పట్టి లాగాడు. ముసలాయన వదల్లేదు.

యారెమా అతని మూతి మీద ఒక్కటి గుద్దాడు. పెదవి చిట్లి గడ్డం ఎర్రబడింది. అయినా వదల్లేదు.

కిందికి తోసి, తాడు పట్టుకున్న చేతిని బూటుతో తొక్కాడు. ఎండుపుల్లలు విరిగిన చప్పుడైంది. ముసలాయన ఒక్క కేక పెట్టి చెయ్యి వదిలేశాడు.

"నువ్వు మనిషివేనా?" గుమ్మంలోంచి అంది క్లావ్దియా.

యారెమా జేబులో ఉన్న డబ్బంతా తీసి ముసలాయన ఒళ్లోకి విసిరాడు.

అప్పుడే బంగాళాదుంపల బళ్ల మధ్య ఫిరంగి గుండు పడింది.

యారెమాకు తెలివొచ్చేసరికి తొడ చీరుకుపోయి ఉంది. రక్తం బుడబుడా పొంగుతోంది. చెవుల్లో ఒకటే హోరు. గుమ్మంలో క్లావ్దియా బోర్లా పడి ఉంది.

ఎవరో పాక్కుంటూ తన మీదికి వస్తున్నారు. ముసలాయనే.

తనను చంపడానికే అనుకున్నాడు యారెమా.

ముసలాయన తన నడుం బెల్టు ఊడదీసి, యారెమా తొడ చుట్టూ తిప్పి, పనిచేసే ఒక్క చేత్తోనూ పళ్లతోనూ బిగించాడు. యారెమా గావుకేక పెట్టాడు. రక్తం ఆగింది.

"దీన్ని విప్పకు. నడవగలవా?"

యారెమా తలూపాడు.

"అయితే వెళ్లిపో. వాళ్లు రెండోది కూడా ఇక్కడే వేస్తారు."

"నువ్వు?"

"ఆవిడ ఇంకా మూలుగుతోంది."

యారెమా బండి పట్టుకుని లేచాడు. జనరేటర్ దాని మీదే ఉంది. ముసలాయన అటు చూశాడు, ఆపలేదు.

"ఇంట్లో పెట్టకు. బాల్కనీలో కూడా వద్దు. దాని పొగ నిద్దట్లోనే చంపేస్తుంది. కిటికీకి దూరంగా, బయట పెట్టు," అని చెప్పి క్లావ్దియా వైపు పాక్కుంటూ పోయాడు.

యారెమా వీధి మలుపు తిరుగుతుండగా రెండో గుండు పడింది. వెనక్కి చూస్తే రేకుల చూరు లేదు, గుమ్మం లేదు. నల్లటి పొగ ఒక్కటే ఉంది.

ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కాలీడ్చుకుంటూ ఇంటి దారి పట్టాడు.

జనరేటర్‌ను పెరట్లో దూరంగా పెట్టి, కిటికీలోంచి తీగ లాగాడు. ఆక్సిజన్ యంత్రం మెల్లగా గురగురలాడింది. సొలోమియా పెదవుల నీలం కాస్త కాస్తగా తగ్గింది.

కళ్లు తెరిచి అతని కాలు చూసింది.

"అయ్యో, ఎంత రక్తం. ఎవరు కట్టారది?"

"ఎవరో. దారిలో."

"ఎవరో గానీ బాగా కట్టారు."

యారెమా ఆమె చెయ్యి పట్టుకుని మంచం పక్కన కూలబడ్డాడు.

"నువ్విలా వెళ్లావో లేదో, డాక్టరు గారు ఫోన్ చేశారు," అంది.

"ఏ డాక్టరు?"

"ఫెయోఫాన్ లుకిచ్ గారు. రోజూ ఫోన్లో నాకు ఊపిరి ఎలా పీల్చాలో చెప్తారే, ఆయన. ఇన్నాళ్లూ నేను ఆయన గొంతు వినడమే గానీ మనిషిని చూడనేలేదు మనం."

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది.

"టీకి నీళ్లు పెట్టు యారెమా, బజారులో చిన్న జనరేటర్ ఒకటి దొరికిందట, నా కోసం తోపుడుబండి మీద ఆయనే స్వయంగా తోసుకుని వస్తున్నారు."