మాయ అన్న మాట

“ప్లాసెంటా అంటే లాటిన్‌లో రొట్టె. గుండ్రంగా, చదునుగా ఉంటుంది కదా, అందుకని” అంది డాక్టర్ ఉదయశ్రీ.

ట్రైనింగ్ నర్సులు నవ్వారు.

“మరి మన మాటకి అర్థం చెప్పలేదేమ్మా?”

గుమ్మంలో ఎవరో ముసలామె. చేతిసంచీలో నాలుగు రసం మామిడిపళ్లు.

“మాయా? పాతకాలపు మాట. దానికి అర్థమేంటి?”

“అంతా వచ్చేసినట్టే కనపడుద్దమ్మా. కాస్త ముక్క లోపలే ఉండిపోద్ది. మనల్ని మాయ చేసుద్ది. అందుకే ఆ పేరు.”

“ఎవరు మీరు?”

“పురుళ్లు పోసేదాన్ని.”

ఉదయశ్రీకి ఒళ్లు మండింది. తను పుట్టిన పూటే తల్లి పోయింది. ఆ పురుడు పోసినామె పేరు కూడా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

“మీలాంటివాళ్ల చేతుల్లోనే తల్లులు పోయారు. ముందు బయటికి నడవండి.”

“పోతానమ్మా. పొద్దున మామిడితోట నుంచి నొప్పులతో వచ్చిన పిల్లకి ఇందాకే కాన్పయిందంట కదా. మాయ పరిచి చూశారా?”

వాచ్‌మన్ వచ్చి ఆమెను గేటు దాటించాడు. ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే పోయింది.

మాయ మొత్తం వచ్చిందని నర్సు అప్పటికే కేసు షీటులో రాసేసింది. అయినా ముసలామె గొంతు ఉదయశ్రీని వదల్లేదు. విసుక్కుంటూనే వెళ్లి, ట్రేలో మాయను పరిచింది.

అంచున బొటనవేలంత ఖాళీ.

వార్డుకి పరిగెత్తేసరికి, ఆ పిల్ల సుసన్నా పక్క అంతా నెత్తురు.

ఎలాగో ప్రాణం దక్కింది. ఇంకో పావుగంట ఆగి ఉంటే దక్కేది కాదు.

“ఆమె ఎవరు?” వాచ్‌మన్‌ని అడిగింది ఉదయశ్రీ.

“ముసునూరు సవరమ్మండీ. మీరీ ఆస్పత్రికి వచ్చిన కాణ్నించీ రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చుంటది. మిమ్మల్ని చూసి వెళ్లిపోద్ది. లోపలికి రావడం ఇవాళేనండి.”

ఆదివారం క్షమాపణ చెప్పుకుందామని ఉదయశ్రీ ముసునూరు వెళ్లింది. వాకిట్లో షామియానా విప్పుతున్నారు.

“అమ్మని నిన్ననే సమాధి చేశామండీ” అంది సవరమ్మ కూతురు రోజీ.

ఉదయశ్రీకి ఏడుపొచ్చింది. “మాయంటే అర్థం చెప్పి, మీ అమ్మ ఒక ప్రాణం నిలబెట్టింది. నేనేమో గెంటించాను.”

రోజీ ఆమె ముఖంలోకి చూసింది. “మీరేనా, బాపులపాడు రామచంద్రరావుగారి అమ్మాయి?”

“అవును. మా నాన్న మీకెలా తెలుసు?”

రోజీ కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టింది.

“అమ్మ ముప్పై ఏళ్ల కిందటే పురుళ్లు పోయడం మానేసిందండీ. మాయకి ఆ అర్థం తనకి తెలిసింది మీ అమ్మగారి పురిట్లోనే.”