జూలుదొర బండి

ఆ అడవిలో జూలుకు కత్తెర తగలని సింహమే రాజు; జూలు పోతే రాజ్యమూ పోయినట్టే. ఏడాదికోసారి ఎడ్లబండెక్కి అందరికీ కనబడితే చాలు, దొరగారి పని అయిపోయినట్టే. తగవులు తీర్చడం, తోడేళ్లను తరమడం, అన్నీ దివాను ఎలుగుబంటి నెత్తినే పడేవి.

విసిగిపోయిన ఎలుగు గురువుగారైన గుడ్లగూబ దగ్గరికెళ్లింది. "చాకిరీ నాది, పేరు దొరది. ఇదేం న్యాయం స్వామీ?"

"పని చేసేవాడే రాజు, పో," అంది గుడ్లగూబ.

ఎలుగు పురమాయిస్తే ఎలుకలు నిద్రపోతున్న దొర జూలంతా కొరికేశాయి. బోడిసింహం మఠంలో చేరింది. ఎలుగు దర్జాగా బండెక్కింది. పరుపు భలే మెత్తగా ఉంది.

కొత్త దివాను నక్క చేతులు కట్టుకుని నిలబడింది. "ఏలినవారు హాయిగా కూర్చోండి. పనులన్నీ నేను చూసుకుంటాను."

ఎలుగుకి చప్పున గుర్తొచ్చింది. దివానుగా చేరిన రోజు సింహంతో తానన్నదీ అదే మాట.

ఒక్క ఉదుటున కిందికి దిగింది. "ముందు ఈ బండిని విరగ్గొట్టి పొయ్యిలో పెట్టు. తర్వాత మాట్లాడదాం."