మోటారుకు నీళ్లు

"దొరికిందోయ్, దొరికింది!"

మామగారు గేటు దగ్గర్నుంచే కేక పెట్టారు. పతకం గెలిచి తెచ్చినట్టు చెయ్యి పైకెత్తి చూపిస్తున్నారు. చేతిలో నల్లటి రబ్బరు బిళ్ళ.

కొత్త కోడలి గుండె గుభేలుమంది.

సరిగ్గా తను కాపురానికి వచ్చిన మర్నాడే బావి మోటారు వాల్వులో బిళ్ళ పాడైంది. అప్పట్నుంచీ మోటారు ఆపగానే పైపులో నీళ్లన్నీ బడబడమంటూ బావిలోకి జారిపోతున్నాయి. పైపు ఖాళీ అయితే మోటారు నీళ్లు లాగదు కాబట్టి తెల్లారగానే ఒకరు మోటారు మూత విప్పాలి, ఒకరు చెంబుతో నీళ్లు పోయాలి, లోపలి బుడగలన్నీ పోయేదాకా ఆగాలి. ఆ పని కొత్త జంటది. ఇంట్లో వాళ్ల మంచానికీ నాయనమ్మ మంచానికీ మధ్య ఒక్క తెర అడ్డం. ఆవిడకు చూపు ఆనదు గానీ, పాము చెవులు. మోటారు గదిలో అయితే ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటే లేదు. బుడగలు ఎంతసేపటికి పోతాయో అడిగేవాళ్లూ లేరు.

"ఇక మీ ఇద్దరికీ ఆ చాకిరీ తప్పిందమ్మాయ్!"

"ఫర్వాలేదు మామయ్యా, అలవాటైపోయింది."

"అంత తొందరేమొచ్చిందండీ? నిదానంగా చూసుకోవచ్చుగా," అంది అత్తగారు, కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండా.

"నీకేం తెలుసే పిల్లల అవస్థ! పాపం, వాడు రోజూ చొక్కా తడుపుకుని వస్తున్నాడు."

కోడలు గబుక్కున తల దించుకుంది. పెళ్లికొడుకు అప్పుడే పైకప్పులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

మోటారు గదిలో పానా పట్టుకుని అతను చాలాసేపు తంటాలు పడ్డాడు, పడుతున్నట్టు నటించాడు.

"పట్టేసింది నాన్నా, రావట్లేదు."

"తప్పుకో." మామగారు ఇలా పానా పెట్టారో లేదో వాల్వు మూత అలా ఊడి వచ్చింది. "పట్టేసిందా, నీ మొహం! ఎవరో మొన్న మొన్నే విప్పినట్టు వెన్నలా వస్తుంటేనూ."

పాత బిళ్ళ తీసి అవతల పారేసి, కొత్తది బిగించి, మోటారు వేసి, ఆపారు. గుమ్మం బయట నిలబడ్డ కోడలితో సహా ముగ్గురూ చెవులు రిక్కించారు. పైపులో చప్పుడు లేదు. ఒక్క బుడగైనా గుర్రుమనలేదు.

"చుక్క జారితే ఒట్టు!" చేతులు దులుపుకుని, ఈల వేసుకుంటూ ఆయన కునుకు తీయడానికి లోపలికి వెళ్లిపోయారు.

కోడలు లోపలికి వచ్చింది. మోటారు గదిలో ఇద్దరే మిగిలారు. ఇదే ఆఖరుసారేమో. కోడలు దిగులుగా కింద పడున్న పాత బిళ్ళ తీసి తిప్పి చూసింది. మరో పక్కకు తిప్పి చూసింది.

"ఏమండీ, అరిగిన రబ్బరు ఇలా ఉంటుందా?"

బిళ్ళకు ఒక పక్క నెలవంకలా ముక్క లేదు. ఆ అంచు నున్నగా, కోసినట్టుంది.

ఆమె మొహం విప్పారింది. "అమ్మ దొంగా! ఇది మీ పనేనా?"

"నా పనా? నువ్వే చేశావనుకుని ఇక్కడ నేను మురిసిపోతుంటే!"

"నాకు పానా ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు!"

"ఒట్టు, నేను కాదు."

"నేనూ కాదండీ బాబూ!"

"ఉష్! ఆయన లేస్తారు."

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. గుమ్మంలో అత్తగారు. మూడో మనిషికి చోటు లేదని తెలిసినట్టు బయటే ఆగిపోయింది. ఆవిడ చేతిలో కుట్టుమిషను దగ్గరుండే కత్తెర ఉంది.

"రేపు మధ్యాహ్నం మీ మామయ్య గురక మొదలవగానే ఆ మూత విప్పి పెట్టండి. ఈసారి ఇంకాస్త పెద్ద ముక్క కోస్తాను."