తెర మీది నీళ్ళు

"దిగుతావా, దిగవా? ఒక్క మాటలో చెప్పు," అన్నాడు ఓనరు.

బావ పడవ వెనక అంచు మీద నిలబడి నీళ్ళలోకి చూస్తున్నాడు. పక్కనే బావమరిది తాడు చుట్ట పట్టుకుని బావ మొహంలోకి చూస్తున్నాడు. ఇద్దరూ ఆ పడవలో పనివాళ్ళు. ఎరలు లాగే తాళ్ళలో ఒకటి ప్రొపెల్లర్‌కి చుట్టుకుపోయింది. ఇంజను ఆగిపోయింది. ఎటు చూసినా ఒడ్డన్నది లేదు.

"వైర్‌లెస్‌లో పిలుద్దాం సార్. ఇంకో పడవ వచ్చి లాక్కుపోతుంది," అన్నాడు బావ చివరికి.

"వాళ్ళొచ్చేసరికి చేపల పోటీ అయిపోతుంది. నాలుగింటికి తూకం కాటా మూసేస్తారు. తర్వాత ఈ చేపని నేనేం చేసుకోను? పక్కలో వేసుకుని పడుకోనా?"

పొద్దున పట్టిన ఆ చేప డెక్కు మీద పడి ఉంది. మనిషి కంటే పొడుగు, కత్తిలాంటి ముక్కు. దాని నెత్తురు డెక్కు అంచు కన్నాల్లోంచి ధారగా సముద్రంలోకి కారుతోంది. నీళ్ళలో నెత్తురు పారితే భోజనానికి ఎవరొస్తారో బావకి తెలుసు, బావమరిదికి తెలుసు. ఓనరుకీ తెలుసు. కాకపోతే దిగేది ఆయన కాదు.

"గంట కిందట కెమెరా తెర మీద ఏదో నీడ కదిలింది సార్. నేను చూశాను," అన్నాడు బావమరిది.

"నీకు నీ నీడ చూసినా వణుకే. రా, చూపించు."

ఎర వెంట ఏ చేప పడుతోందో కుర్చీలో కూర్చుని చూడాలని ఓనరు ఆ వారమే కెమెరా కొన్నాడు. పడవ వెనక వైరు కట్టి వదిలితే అది నీళ్ళ అడుగున చూసిందంతా క్యాబిన్‌లో తెర మీద కనబడుతుంది. చేపకంపు చేతులతో దాన్ని ముట్టుకోవద్దని పనివాళ్ళకి మొదటిరోజే చెప్పేశాడు. చేపలు పట్టే చెయ్యి చేపకంపు కొట్టక అత్తరు వాసనేస్తుందా?

ఓనరు మీటలేవో నొక్కి బొమ్మని గంట వెనక్కి తిప్పాడు. పనివాళ్ళిద్దరూ గుమ్మంలోంచే మెడలు చాపి చూశారు. నీలం నీళ్ళు. రబ్బరు ఎర, దాని కుచ్చుల వెంట బుడగలు. మళ్ళీ నీలం నీళ్ళు. అంతలో అడుగు నుంచి బూడిదరంగు ఒళ్ళు ఒకటి పైకి తేలింది. తొందరేమీ లేదు దానికి. వెడల్పాటి తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, తోక ఒక్కసారి ఆడించి పక్కకి తప్పుకుంది.

"సొర! చూశారా సార్, సొరచేప!" బావమరిది తెర వైపు వేలు చాపాడు.

"చూశాను. వచ్చింది, పోయింది. ఇప్పుడుందా? కళ్ళు పెట్టి చూడు. ఉందా?"

తెర మీద ఏమీ లేదు.

"లేదుగా. మరింకేం? దిగకపోతే రేపట్నించి ఈ పడవెక్కక్కర్లేదు. ఇద్దరూ."

ఆ 'ఇద్దరూ' బావకి తగలవలసిన చోటే తగిలింది. చొక్కా విప్పి అవతల పారేశాడు. కత్తి మొలలో దోపుకున్నాడు. తాడు నడుముకి బిగించుకున్నాడు.

"నేను దిగుతా బావా," అన్నాడు బావమరిది.

"నీ చెవిపొరకున్న చిల్లు సంగతి మీ అక్కకి తెలుసు. నిన్ను నీళ్ళలో దింపి నేను ఇంటికెళ్తే ఆవిడ కంటే సొరే నయం." నవ్వబోయాడు గానీ పెదాలు సాగలేదు. "ఒరేయ్, ఆ తెర ముందునుంచి కదలకు. ఏదన్నా కనబడితే తాడు గుంజు. రెప్ప వెయ్యకు. అంతే."

నీళ్ళు దభీమన్నాయి.

బావమరిది తాడు మణికట్టుకి చుట్టుకుని తెర ముందు నిలబడ్డాడు. ఎండ నీళ్ళలో చారలుగా దిగుతుంటే ప్రతి చారా తోకలాగే ఉంది. రెండుసార్లు ఉలిక్కిపడి తాడు గుంజబోయి ఆగాడు. ఉత్తపుణ్యానికి గుంజితే పని చెడుతుంది, బావ ఇంకోసారి దిగాల్సొస్తుంది.

వెనక నుంచి బుస్సుమని ఊపిరి వినబడింది. "సగం కోశా! ఏమన్నా ఉందా?"

"ఏం లేదు బావా! ఖాళీ! త్వరగా కానీ!"

మళ్ళీ మునక. తాడు జర్రున జారి బిగిసింది. బావమరిది లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. ఇరవై. ముప్పై. తెర మీద చేపపిల్ల కూడా లేదు. నలభై. ఇంకొక్క కోత, అంతే. గుండె కాస్త నెమ్మదించింది.

"చూశావా," అన్నాడు ఓనరు కుర్చీలో వెనక్కి వాలి. "ఊరికే హడలి చచ్చారు. ఎంత చక్కగా ఉన్నాయో నీళ్ళు!"

అవును, చక్కగానే ఉన్నాయి. ఇప్పటిదాకా సొర కోసం మూలమూలలా వెతికిన బావమరిది చూపు మొదటిసారి తెర నడిమధ్యకి వచ్చి ఆగింది.

పడవ లాగితే తప్ప కదలని ఆ రబ్బరు ఎర, ఆగిపోయిన పడవ వెనక, కుచ్చులు విదిలిస్తూ బుడగలు చిమ్ముకుంటూ పరుగెడుతోంది. గంట కిందటి నీళ్ళలో.