పేరుకు ముందు రెండక్షరాలు

కాశీబుగ్గలోని నా డీటీపీ షాపుకి వారం కిందట కొన్న కంప్యూటర్ ఆ సాయంత్రం ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. విండోస్ మళ్లీ ఎక్కించాను. పెళ్లికార్డులు చక్కగా వస్తున్నాయి. ఢిల్లీబాబు పెద్దకర్మ కార్డు తెరిస్తేనే మౌసు కదలడం లేదు.

సముద్రం మీదికి చేపల వేటకెళ్లిన ఢిల్లీబాబు నలభై రోజులైనా తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఇక చాలని ఊరి పెద్దలు కార్డు వేయించమంటే, అతని భార్య నీలవేణి ఫొటో పట్టుకుని వచ్చి కూర్చుంది. చేతులకు గాజులు అలాగే ఉన్నాయి.

రాత్రి తొమ్మిది దాటింది. కార్డులోంచి ఒక్కొక్కటే తీసేసి చూశాను. ఫొటో తీసినా ఆగింది. తేదీ తీసినా ఆగింది. పేరుకు ముందున్న ‘కీ.శే.’ తీసేశాను. ఆగలేదు. మళ్లీ పెట్టగానే బిగుసుకుపోయింది.

“మా మావ బతికే ఉన్నాడు బావూ! నాను సెప్తే ఎవులూ నమ్మనేదు,” అంది నీలవేణి. కార్డు వద్దని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ ఉద్దానం వెళ్లే ఆఖరి ఆటో ఎక్కింది.

షట్టరు దించబోతూ, ఎందుకో ఆ రెండక్షరాలు మరోసారి కొట్టాను.

ఆగలేదు.

చెరిపి మళ్లీ కొట్టాను. సాయంత్రమంతా తిట్టిన ఆ మిషన్నే, ఒక్కసారి ఆగమ్మా అని బతిమాలుతూ కొట్టాను. ఢిల్లీబాబు పేరు పక్కన కర్సరు మినుకుమంటూనే ఉంది.

ఆటో ఇంకా సగం దారి కూడా వెళ్లి ఉండదు.