రెండో టికెట్

“ఒక మనిషికి రెండు టికెట్లు. నీ సంచీకి కూడా ప్రాణమొచ్చిందా మామ్మా?”

“నీకెందుకురా, చింపు.”

కండక్టర్ చింపి ఇచ్చాడు. గుండీలు కుట్టి బతికే ఆ ముసలామె పక్క సీట్లో సంచీ పెట్టింది. ముందు సీట్లోని నర్సు వెనక్కి తిరిగి, ఆమె కాపీ పుస్తకంలో తప్పులు దిద్దుతోంది.

“డెబ్బై ఏళ్ళకు ఒకటో తరగతా?” కండక్టర్ మళ్ళీ అందుకున్నాడు. “పరలోకంలో సంతకం అడుగుతారా ఏంటి?”

“వేలిముద్ర వేస్తే నీలాంటివాడు నవ్వుతాడని.”

ఆదివారం పొద్దున ఏడో నంబరు బస్సు. ఇరవై మంది ఎక్కారు, అందరూ చివరి స్టాపుకే. అక్కడ మూతపడిన ఇటుక బట్టీ తప్ప ఏమీ లేదు. ఎవరూ దిగరు. అదే బస్సులో వెనక్కి వస్తారు.

ప్రార్థన మందిరానికి తాళం పడి ఏడాదైంది. పాస్టరు జైల్లో ఉన్నాడు. నలుగురు ఒకచోట చేరితే వాళ్ళకూ జైలే. సర్కారు పెద్దలకు తాళాలు వేయడం బాగా వచ్చు. బస్సుల సంగతే మరిచిపోయారు. అందుకే స్టాపుకో ప్రార్థన. బస్సు ఆగితే తలలు వంగుతాయి, నోళ్ళు మెదలవు. మొదటిది రోగుల కోసం, రెండోది జైల్లో ఉన్నవాళ్ళ కోసం, మూడోది తాళం వేసినవాళ్ళ కోసం. కండక్టర్‌కు అంతా తెలుసు. తెలియనట్టు ఉండటం అతను పెట్టుకున్న ఉద్యోగం.

మూడో స్టాపులో టికెట్ల తనిఖీ అధికారి ఎక్కాడు. ఇరవై మందీ టికెట్లు చేతిలోకి తీసుకున్నారు. అతను ముసలామె కొడుకు. ఉద్యోగం కాగితాల్లో మతం గడి దగ్గర అడ్డగీత కొట్టి, రెండేళ్ళుగా తల్లి గడప తొక్కనివాడు.

వరసగా టికెట్లు చూస్తూ తల్లి దగ్గర ఆగాడు.

“నువ్వూ ఉన్నావా ఇందులో?”

“కూర్చోరా.” సంచీ తీసింది.

అతను కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీశాడు. “ఎవడో నాకు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. దీన్ని పైకి పంపితే ఈ పూటే బస్సు ఆగుతుంది. మీరంతా లోపలికి పోతారు.”

“ఏం రాశారేంటి?”

“నీకెలాగూ చదువు రాదు, విను. ‘ఏడో నంబరు బస్సులో ఆదివారం ప్రార్థన జరుగుతోంది. మీరే వచ్చి చివరి స్టాపు దాకా చూడాలి.’”

కండక్టర్ తొంగి చూశాడు. “కోడి కెలికినట్టుంది సార్. ఎవడో లోపలివాడే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.”

“మా దేవుడు పట్టుకుంటాడులే,” అంది ముసలామె.

కొడుక్కు కోపం వచ్చింది. “ఏది నీ దేవుడి రాజ్యం? మందిరం పోయింది. బల్లలు కూడా పట్టుకుపోయారు.”

“కనబడేదానికేగా తాళం వేసేది. కూర్చో. నీకు టికెట్ ఉంది.”

రెండో టికెట్ అతని చేతిలో పెట్టింది. చివరి స్టాపుకు.

“ఏడాదిగా ప్రతి ఆదివారం కొంటోంది సార్. సంచీయే ప్రయాణం చేస్తోంది,” అన్నాడు కండక్టర్, ఈసారి నవ్వకుండా.

అతను కూర్చున్నాడు.

నాలుగో స్టాపు. తలలు వంగాయి. ఐదో స్టాపు. అతను కిటికీలోంచి చూస్తున్నాడు. ఆరో స్టాపులో తల్లి చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. వేళ్ళ నిండా సూది గాట్లు.

“ఇది ఎవరి కోసం?” మెల్లగా అడిగాడు.

“తప్పిపోయిన పిల్లల కోసం.”

అతను తల వంచలేదు. టోపీ మాత్రం తీశాడు.

చివరి స్టాపులో తనిఖీ పుస్తకం తెరిచి రాశాడు: ‘అందరి దగ్గరా టికెట్లున్నాయి. ఇంకేమీ కనబడలేదు.’ ఉత్తరం నలిపి తల్లి ఒళ్లో పడేశాడు.

“పొయ్యిలో వెయ్యి. ఇది రాసినవాడు మళ్ళీ రాస్తే?”

“మళ్ళీ రా.”

“రాయకపోయినా వస్తాలే. ఈ రూటు నాదే,” అని దిగిపోయాడు.

నర్సు వెనక్కి తిరిగి ముసలామెను అలా చూస్తూ ఉండిపోయింది. ముసలామె ఆ కాగితాన్ని మోకాలి మీద పరిచి, మడతలు సాపు చేసి, కాపీ పుస్తకంలో దాచుకుంది.

తన చేత్తో రాసిన మొదటి ఉత్తరం అది.